కబురు మోసేవాడి నీళ్లు

మా ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయి. ఒక్కటీ నాది కాదు. కొడుకు కొనిస్తానన్నాడు, కోడలు నొక్కడం నేర్పిస్తానంది. వద్దన్నాను. ముసలోడి మొండితనం అనుకుంటున్నారు. అనుకోనీ. నాతో పని ఉన్నవాళ్లు ఇంటికి వస్తారు. నాకు పని పడితే నేనే పోతాను. మోకాళ్లు ఒప్పుకున్నన్ని రోజులు ఇంతే.

అట్లాగని పాత రోజులు బంగారం అనేవాణ్ణి కాదు నేను. ఆ మాట అనేవాళ్లు ఎప్పుడూ కూర్చున్నచోట కూర్చొని అంటారు. ఫోన్లు లేని కాలంలో ఫోను చేసే పని మా కాళ్లు చేశాయి. ఊళ్లో ఎవరు చనిపోయినా బంధువుల ఊళ్లకు నడిచిపోయి కబురు చెప్పి రావాల్సింది మా ఇంటివాళ్లే. తాత చేశాడు, బాపు చేశాడు, నేను చేశాను. ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. పొలాలున్న ఇంట్లో పెద్దమనిషి కన్నుమూస్తే మా వాకిటి బయటి నుంచే కేక వినపడేది. "అరే, కొత్తకోట దిక్కు పో, గట్లనే బిడ్డల ఊర్లకు గూడ పోయిరా." ఎండ అనకూడదు, వాన అనకూడదు. వాళ్ల వీధుల్లో చెప్పులు చేత పట్టుకొని నడవాలి. పాత రోజులు బాగుండేవని ఎవరైనా అంటే నా పాదాలు చూపిస్తాను.

పంతొమ్మిదివందల ఎనభైల్లో బాపుకు మోకాళ్లు పడిపోయాయి. పని మొత్తం నా మీదికొచ్చింది. నులకమంచం మీద పడుకొని, పని ఎట్లా చేయాలో ఆయన చెప్పేవాడు. నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు, ఆయనకు ఎప్పుడూ రాలేదు. కానీ ఆయన చెప్పిన పద్ధతి ఏ పుస్తకంలోనూ నాకు తర్వాత కనపడలేదు.

"ఉరకకు," అనేవాడు. "ఉరుకుకుంట వచ్చేటోన్ని చూస్తే ఊరవతల్నే తెలిసిపోతది."

ఊళ్లోకి నిమ్మళంగా నడిచి పోవాలి. ఆ ఇంటి పొయ్యి మీద కుండ ఉంటే, అది దిగేదాకా, వాళ్లు తినేదాకా అరుగు పక్కన కూర్చోవాలి. చెప్పాక ఇక ఆ పూట ఎవరూ తినరు కదా, అందుకు. చెప్పేటప్పుడు కూడా ఆడబిడ్డకో పెళ్లానికో నేరుగా చెప్పకూడదు. ఇంటి పెద్ద మగమనిషిని పక్కకు పిలిచి చెప్పాలి. మిగతావాళ్లకు "జర పానం బాగ లేదు, రమ్మన్నరు" అనాలి. దారిలో ఆ పెద్దమనిషే మెల్లగా అసలు సంగతి చెప్పుకుంటాడు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నీళ్ల సంగతి. వచ్చిన మనిషికి నీళ్లివ్వడం మా దిక్కు ఏ ఇంట్లోనైనా ఉన్నదే. మావాళ్ల ఇండ్లలో చెంబు చేతికిస్తారు. పెద్ద ఇండ్లలో చెంబు ఇవ్వరు, దూరం నుంచి దోసిట్లో పోస్తారు. ఎట్లా ఇచ్చినా సరే, చావు కబురు తెచ్చినవాడు ఆ నీళ్లు ముట్టకూడదు. గొంతు పిడచకట్టుకుపోయినా చేతులు పక్కనే ఉంచుకోవాలి. నా చేతులు లేవకపోతే ఆ ఇంటి ముసలమ్మలకు అర్థమయ్యేది. నోటితో చెప్పకముందే లోపలికి పోయి పిల్లలకు ఇంత అన్నం పెట్టేవాళ్లు. వేరే పని మీద పోతే గటగటా తాగేవాణ్ణి. అప్పుడు వాళ్లు నవ్వి, "ఏం పని మీద వచ్చినవ్ రా?" అని అడిగేవాళ్లు.

ఇంకో మాట కూడా బాపు గట్టిగా చెప్పేవాడు. "చూసినోడు చెప్తేనే మొయ్యి. గాలి మాట మొయ్యకు." ఊళ్లో శవాన్ని నా కళ్లతో చూశాకే నేను బయల్దేరేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పలేదు.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. బడి వరండాలో పొద్దుగూకే వేళ పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లు. చెప్పే పిల్ల నా బిడ్డ వయసుది. పలక మీద నేను గీసింది చూసి, "పెదనాయినా, గిది అక్షరమా, ఎడ్లబండా?" అనేది. సిగ్గుపడలేదు. ఆరు నెలల్లో బస్సు బోర్డులు చదివాను. అప్పటిదాకా బస్సెక్కాలంటే ఎవరో ఒకరిని అడగాలి, అడిగితే కొందరు చెప్పేవాళ్లు, కొందరు ముఖం తిప్పుకునేవాళ్లు. ఆ బాధ పోయింది.

సరిగ్గా అదే కాలంలో మా బస్సు స్టేజీ దగ్గర ఎస్టీడీ బూత్ వచ్చింది. సైకిళ్ల దుకాణం నడిపే భాయ్, దుకాణంలో సగం జాగాకు అద్దాల అర కట్టించి ఫోన్ పెట్టాడు. లోపల డబ్బా మీద బిల్లు చూపించే ఎర్ర అంకెలు పరుగెత్తేవి. నన్ను చూస్తే భాయ్‌కి వేళాకోళం.

"ఏం కాకా, నీ నౌకరీ పాయె గద. నీ కాళ్లకు పింఛను రాయించుకో ఇగ."

"నీ తీగ తెగిన్నాడు నన్నే పిలుస్తవ్ తియ్," అన్నాను.

నిజం చెప్పాలంటే సంతోషమే అయింది. బూత్ వచ్చాక ఊళ్లో మొదటి చావుకు నన్ను ఎవరూ పిలవలేదు. ఫోన్లు చేసుకున్నారు. సాయంత్రందాకా బంధువులు దిగుతూనే ఉన్నారు. నేను వేపచెట్టు కింద కాళ్లు చాపుకొని కూర్చొని చూశాను. చావు జరిగిన రోజు అట్లా అనుకోకూడదు కానీ, నాకు పండగలాగే ఉండింది.

బూత్‌తో అందరికంటే ఎక్కువ మురిసింది నా మరదలు, అంటే నా తమ్ముడి భార్య. తమ్ముడు, కూలీలను పోగేసి పనికి తీసుకుపోయే గుంపుమేస్త్రీతో పాటు రాయచూరు అవతల కాలువ పనికి పోయేవాడు. పాలమూరు వాళ్లకు ఇది కొత్త కాదు. విత్తనం వేసి పోతే మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. ఇంతకుముందు ఆరు నెలలైనా వాడి సంగతి ఉండేది కాదు. ఇప్పుడు నెలకొకసారి ఆదివారం పూట ఫోన్ చేసేవాడు. భాయ్ మనిషిని పంపితే, ఆమె చేతికున్న జొన్నపిండి కడుక్కోకుండానే పరుగెత్తేది. ఆ ఫోన్ గొట్టానికి ఎప్పుడూ ఇంత పిండి అంటుకొని ఉండేది. భాయ్ తుడుస్తూ తిట్టుకునేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున, ఆదివారం కాదు, భాయ్ స్వయంగా సైకిలెక్కి మా ఇంటికొచ్చాడు. వేళాకోళం లేదు.

"కాకా, మేస్త్రీ ఫోన్ చేసిండు. నిన్ను పిలవమన్నడు. పావుగంటల మల్ల చేస్తడట."

"మా మరదల్నా, నన్నా?"

"నిన్నే. ఆమెకు చెప్పద్దన్నడు."

పెళ్లానికి చెప్పకుండా ఇంటి పెద్దను పిలవమన్నాడంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ జిల్లాలో ఉండరు. ఇన్నేళ్లూ నేను చేసింది అదే కదా. మేస్త్రీ మా పక్క ఊరివాడే, పద్ధతి తెలిసినవాడు.

బూత్‌లో కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఎత్తాను.

"అన్నా, తమ్ముడు..." అన్నాడు మేస్త్రీ. అంతే. గర్‌మని చప్పుడొచ్చి లైన్ పోయింది. భాయ్ గొట్టం తట్టాడు, తీగ కదిపాడు, బయటికి పోయి స్తంభం వైపు చూసొచ్చాడు. ఏమీ లేదు. రోడ్డు పక్కన తవ్వుతూ ఎవరో తీగ తెంపారని తర్వాత తెలిసింది.

ఇంటింటికీ చావు చెప్పినవాణ్ణి నేను. ఎవరైనా నాకు చెబితే ఎట్లా ఉంటుందో ఆ రోజుదాకా తెలియదు. చెప్పేవాడి ముఖం ఎదురుగా లేదు. ఉంటే చూసుకునేవాణ్ణి, వాడి చేతులు ఎక్కడున్నాయో చూసేవాణ్ణి. నా చేతిలో ఉన్నది ఒక నల్ల గొట్టం. దానికి ఎండిన జొన్నపిండి.

రాయచూరుకు పోయి చూసి రావాలి. అంతవరకు నోరెత్తకూడదు. బాపు చెప్పింది అదే. కానీ చెప్పకుండా పోతే బూత్ దగ్గరి మాట ఆమె చెవిన పడకుండా ఉంటుందా. ఊరికే పోయి, తమ్ముణ్ణి చూసొస్తానని చెప్పి బస్సెక్కుదామని వాళ్ల ఇంటికి పోయాను.

ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. నా ముందు పట్టింది.

నా చెయ్యి లేవలేదు.

కావాలని చేసింది కాదు. ఆ వాకిట్లోకి ఏ మాట తలలో పెట్టుకొని అడుగుపెట్టానో, చెయ్యి దాన్ని బట్టి ఆగిపోయింది. పదిహేనేళ్ల అలవాటు అది. ఆమె నా ముఖం చూడలేదు. నా చెయ్యే చూసింది.

"బావ, నీళ్లు తాగవా?"

"దూప లేదు."

"గింత ఎండల వచ్చినవు. దూప లేదా?"

"రాయచూరు పోతున్న. తమ్ముణ్ణి చూసొస్త."

చెంబు కింద పెట్టింది. "ఫోన్ వచ్చిందట గద. నన్ను పిలవలే. నిన్ను పిలిచిండ్రు. చెప్పు బావ, నేను ఏడ్వ."

"నాకు తెల్వదమ్మా. మాట షురూ చేసిండు, లైన్ పోయింది. నిజంగ తెల్వది."

"నువ్వు అందరికి గట్లనే చెప్తవ్," అంది. కోపం లేదు ఆ గొంతులో. "మా నాయిన పోయిన్నాడు మా ఇంటికొచ్చింది నువ్వే. జర పానం బాగ లేదన్నవ్. నీకు నీళ్లు తెచ్చింది నేనే. నువ్వు ముట్టలే. నాకు యాదికుంది."

నాకూ గుర్తుంది. వాళ్ల నాయిన మా ఊళ్లో బావి తవ్వే పనికొచ్చి మట్టిపెళ్ల విరిగి మీద పడి పోయాడు. వాళ్ల ఊరు పూట నడక. ఆ ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల చెంబు పట్టుకొని నిలబడింది, నేను చేతులు పక్కనే ఉంచుకొని నిలబడ్డాను. ఆ చావుతోనే ఆ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు మొదలయ్యాయి. తర్వాత నాలుగైదేళ్లకు తమ్ముడికి చేసుకున్నాం.

అప్పుడైనా వంగి ఆ చెంబు ఎత్తి తాగి ఉండొచ్చు. తాగితే నమ్మేది. కానీ తమ్ముడు నిజంగానే పోయి ఉంటే? తాగడమంటే వాడు బతికున్నాడని చెప్పడమే. నాకు తెలియనిది నేనెట్లా చెప్పాలి. నోటితో ఎన్నో అబద్ధాలాడాను, అందరి మేలుకే ఆడాను. నీళ్ల విషయంలో మాత్రం ఎప్పుడూ ఆడలేదు. చెంబు అక్కడే ఉంది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. తెలియదన్న నా మాట ఒక్కటే ఆ రోజు నిజం, అదొక్కటే ఆమె నమ్మలేదు.

మక్తల్ మీదుగా పోయే బస్సెక్కాను. కృష్ణ దాటాక బోర్డులన్నీ కన్నడంలో ఉన్నాయి. కొత్తగా చదువు నేర్చినవాడికి అదొక వింత. అక్షరాలు మనవాటికి దాయాదుల్లాగా ఉంటాయి. ఒకటి తలపాగా మార్చుకుంటుంది, ఇంకొకటి తోక పెంచుకుంటుంది, కొంచెంసేపు చూస్తే గుర్తుపట్టొచ్చు. పనిలో దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ముందు పెద్ద దవాఖానకే తెస్తారని తెలుసు, సగం సగం కూడబలుక్కుంటూ ఆ బోర్డు పట్టుకున్నాను. లోపల వరుసగా మంచాలు, ఒక్కొక్క మంచానికి ఒక అట్టముక్క. మొదటి మంచం దగ్గర నుంచి చదువుకుంటూ పోయాను. ఏడో ఎనిమిదో మంచం దగ్గర నా తమ్ముడి పేరు. దాని కింద మా బాపు పేరు. ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి రెండుసార్లు చదివాను. ముందు మంచం వైపు చూడాలి కదా, చూడలేదు. చూడటానికి ధైర్యం చాల్లేదు.

"అన్నా, ఏం చదువుతున్నవే గక్కడ? నేను ఈడ ఉన్న," అన్నాడు తమ్ముడు.

కుడికాలికి తొడ దాకా కట్టు. కాలిని ఇటుకరాళ్ల బరువు కట్టి ఎత్తి ఉంచారు. గట్టు మీది నుంచి బండ దొర్లి పడిందట. ముఖం పీక్కుపోయింది కానీ మనిషి మనిషిగానే ఉన్నాడు. నేను కింద కూర్చుండిపోయాను.

"నువ్వొచ్చినవంటే భయమైతాంది నాకు. నేను చచ్చిన అనుకున్నరా ఏంది?"

"అనుకున్నం," అన్నాను.

మేస్త్రీ టీ గ్లాసులు పట్టుకొని వచ్చాడు. ఆమెకు ఫోన్‌లో చెబితే తట్టుకోదని, నా ద్వారా చెప్పిద్దామని నన్ను పిలిపించాడట. తప్పేం లేదు అతనిది. అందరం ఒకే పద్ధతి నేర్చుకున్నవాళ్లం.

మర్నాడు పొద్దున దవాఖాన ఎదురుగా ఉన్న బూత్‌కు పోయాను. మా ఊరి లైన్ బాగైంది. భాయ్‌తో ఆమెను పిలవమని చెప్పి, కాసేపాగి మళ్లీ చేశాను.

"అమ్మా, నేను. వాడు బతికే ఉన్నడు. కాలు ఇరిగింది అంతే. దవాఖానల ఉన్నడు."

ఎర్ర అంకెలు పరుగెత్తుతున్నాయి. లైన్ మళ్లీ పోయిందేమో అనుకున్నాను.

"వినవడ్తాందా?"

"వినవడ్తాంది బావ."

"నేను కండ్లతోని చూసిన. మాట్లాడిన."

"సరే బావ. ఎప్పుడు తెస్తరు?"

ఆ అడగడం నాకు తెలుసు. గుమ్మాల ముందు ఎన్నిసార్లు విన్నానో. మనిషిని గురించి అడిగేటప్పుడు ఎప్పుడొస్తాడు అంటారు. తెచ్చేది వేరు.

ఎంత చెప్పినా "మంచిది బావ" అంది. గొట్టం పెట్టేసింది. మంచం మీద కట్టేసిన మనిషిని మోసుకొచ్చి బూత్‌లో మాట్లాడించే దారి లేదు. తమ్ముడికి సంగతి చెప్పాను.

"నువ్వు పో," అన్నాడు. "నాకాడ మేస్త్రీ ఉంటడు. నువ్వు పోయి కనపడు. ఆమె ఉత్త మాట నమ్మదు."

బస్సు దిగేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. స్టేజీ నుంచి వాళ్ల ఇల్లు ఐదు నిమిషాలు. ఉరకాలని ఉంది. ఉరికితే వాకిట్లో కూర్చున్నవాళ్లు ఏమనుకుంటారో తెలుసు కనుక నడిచాను. నా జన్మలో అంత మెల్లగా అంత కష్టపడి ఎప్పుడూ నడవలేదు. భాయ్ దుకాణంలో నుంచి చూసి లేచి నిలబడ్డాడు.

వాకిట్లో ఆడవాళ్లు ఐదారుగురున్నారు. నా భార్య కూడా అక్కడే ఉంది. ఫోన్‌లో నేను చెప్పిన మాట ఆమెకూ తెలుసు, ఆమె కూడా నమ్మలేదు. పొయ్యి నిన్నటి నుంచి వెలగలేదు. ఎవరూ ఏడవడం లేదు. శవం వచ్చేదాకా ఏడుపు దాచుకొని కూర్చున్నారు.

మరదలు గడప దగ్గర ఉంది. నన్ను చూసి లోపలికి పోయింది. చెంబుతో వచ్చింది. నిండా పోసింది, అంచు మీది నుంచి ఒలుకుతోంది. నా ముందు పట్టి, నిన్నటిలాగానే నా చెయ్యి వైపు చూసింది.

రెండు చేతులతో అందుకున్నాను. ఎత్తి పోసుకుని తాగాను. గొంతులో గటగట చప్పుడు ఆ వాకిట్లో అందరికీ వినపడింది. చెంబు ఖాళీ చేసి చేతికిచ్చాను.

"ఇంకో చెంబు తే," అన్నాను.

ఆమె తేలేదు. గడప మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో చెప్పలేను. రెండో చెంబు నా భార్య తెచ్చింది. అదీ తాగాను. నిజంగానే దూప అయింది.

గడప మీది నుంచే మరదలు అడిగింది. "ఏ కాలు ఇరిగింది?"

"కుడిది."

"గా కాలే," అంది. "ఇంట్ల ఒక్కదినం నిలువదు అది. మంచిగైంది."

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. నా భార్య లేచి పోయి పొయ్యి అంటించింది.

తమ్ముడు మూడు నెలలకు కర్ర పట్టుకొని వచ్చాడు. మళ్లీ కాలువ పనికి పోలేదు. భాయ్ బూత్ పోయింది, ఆ జాగాలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. తమ్ముడి దగ్గర ఇప్పుడు రెండు ఫోన్లు. ఎవరు పోయినా ఫొటోకు దండ వేసి అందరికీ పంపుతారు, వాడు అన్నం ముందు కూర్చొని చూస్తాడు. తినేవాణ్ణి తిననివ్వదు ఆ ఫోను. దాన్ని తప్పుపట్టను. రాత్రికి రాత్రి దవాఖానకు బండి పిలవాలంటే అదే కావాలి, నా కాళ్లు కాదు.

నేను మాత్రం పోవాల్సిన చోటుకు పోతాను. మొన్న మక్తల్ దగ్గర మా దూరపు బంధువు ఒకామె పోయింది. ఆ కబురు ఫోన్‌లోనే వచ్చింది, దగ్గరుండి చూసినవాళ్లే చేశారు. మరదలికి ఆమె చిన్నమ్మ వరస. తమ్ముడు ఇంట్లో లేడు. నేను వాళ్ల ఇంటికి పోయాను. మరదలు ఎప్పటిలాగా ముందు చెంబు తెచ్చింది. ఇన్నేళ్లయింది, ఇప్పటికీ నేను తాగేదాకా ఎందుకొచ్చావని అడగదు.

ఆ రోజు నేను చేతులు పక్కన పెట్టుకొని నిలబడ్డాను. ఆమె చూసి, చెంబు అరుగు మీద పెట్టింది. లోపల మనుమరాలు అన్నం తింటోంది. ఆ పిల్ల తిని చెయ్యి కడుక్కునేదాకా ఇద్దరం అరుగు మీద ఊరికే కూర్చున్నాం.